కలప అడవిలో సైకిలు బాట

వేల్స్ దేశమున డోల్గెథ్లై పట్టణమునకు ఉత్తరముగా కోయిడ్ ఎ బ్రెనిన్ అను అడవి కలదు. ‘రాజుగారి అడవి’ యని దాని యర్థము. అయిదవ జార్జి రజతోత్సవ సందర్భమున, 1935లో పెట్టిన పేరది. బ్రిటనులో కొండ సైకిళ్ల కొరకే బాటలు వేసిన తొలి తావులలో ఇది యొకటి. 1990 దశకములో ఆ పని జరిగినది.

అడవి యనగానే మనకు తనంత తాను మొలచిన వనము తోచును. ఇది అట్టిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధమున కలప కొరత యేర్పడగా బ్రిటిష్ ప్రభుత్వము 1919లో అటవీ కమిషనును స్థాపించినది. ఆ కమిషను పెంచిన అడవులలో ఇదియు నొకటి. చేను వలె నాటుదురు, కోయుదురు, మరల నాటుదురు. కోత వచ్చినపుడు సైకిలు బాటను మూయుదురు, లేదా మళ్లింతురు.

బాటల కాఠిన్యమును ఆకుపచ్చ, నీలము, ఎరుపు, నలుపు రంగులు తెలుపును. వానలు మెండగుటచే మట్టి నిలువదని రాళ్లు పరచిరి. పడినచో మోకాలికి తగులునది ఆ రాయియే!

క్రొత్తవారు రంగులను శ్రద్ధగా చూతురు గాని ‘బాట మూయబడినది’ అను పలకను లెక్కచేయరు. ఆదివారము యంత్రము మ్రోగుట లేదు గదా యని దాటిపోవుదురు. మేము గట్టిగా చెప్పదలచిన దిదియే. చప్పుడు లేకున్నను, కోసిన పిదప పొరుగు చెట్టుపై చిక్కుకొని నిలిచిన మ్రాను గాలికి కూలవచ్చును; పేర్చిన దుంగలు కాలు మోపగానే దొర్లవచ్చును. ఇక పనిదినములలో కోత యంత్రపు రంపము గొలుసు తెగినచో దాని ముక్క తుపాకి గుండు వలె దూసికొని పోవును. నడుపువానికి వెనుక వచ్చు సైకిలు కనబడకపోవచ్చును.

2025 మార్చి చివర అచ్చటి ఫలహారశాలను, దుకాణమును నడుపుట ప్రభుత్వ సంస్థ మానినది. కావున బయలుదేరుటకు ముందే ఏ బాటలు మూసిరో విచారించుకొనవలెను; పలక కనబడినచోట సైకిలు మరల్చవలెను.