బండిలో సామాను – కొండదారిలో భద్రత

సూరత్‌లో నివసించే మన ఉద్యోగుల కుటుంబాలకు సెలవు దినాలలో చేరదగిన ప్రకృతి ప్రదేశాలకు కొదవ లేదు. తూర్పుదిక్కుగా బార్డోలీ, వ్యారాల మీదుగా సాగితే తాపీ జిల్లా అడవులు, ఆ తరువాత డాంగ్ కొండలు ఎదురవుతాయి. పూర్ణా, అంబికా, ఖాప్రీ, గిరా నదులు ప్రవహించే డాంగ్ జిల్లా గుజరాత్‌లో అత్యధిక వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. 1990లో ఏర్పడిన పూర్ణా అభయారణ్యంలో, మహాల్ వద్ద నది ఒడ్డున అటవీశాఖ వారి విడిది ఉన్నది. దక్షిణంగా వాఘాయి సమీపాన గిరా జలపాతం, 1979లో జాతీయోద్యానంగా ప్రకటితమైన వాన్సదా వనం ఉన్నాయి. అనుమతి తీసుకొని, గుడారం వేసుకొని రెండు రాత్రులు గడిపి రావడానికి ఇంతకంటె అనువైన చోట్లు ఈ చుట్టుపక్కల అరుదు.

వెనుకటి మహీంద్రా జీపు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ మొదలుకొని, 2010లో అడుగుపెట్టిన థార్ వరకు నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందే వాహనాలు ఇటువంటి ప్రయాణాలకు ప్రీతిపాత్రమైనాయి. అయితే ఈ వాహనాల విషయంలో ఒక భ్రమ బలంగా నాటుకొని ఉన్నది. నాలుగు చక్రాలూ తిరగడం వలన బురదలోనూ, ఇసుకలోనూ పట్టు పెరుగుతుంది. అంతమాత్రాన బ్రేకుల శక్తి పెరగదు. మలుపులో బోల్తాపడే ప్రమాదమూ తగ్గదు. ఆ రెండింటినీ నిర్ణయించేవి వేగమూ, బండిలో మనం సర్దిన సామానూ.

మన వృత్తిలో క్రేనుతో ఒక పైపును ఎత్తవలసి వస్తే దాని బరువెంత, తాడు ఎంత ఓర్చుకొంటుంది, కొక్కెం ఎక్కడ తగిలించాలి అన్నది కాగితం మీద లెక్క కట్టనిదే ఎవరూ సంతకం చేయరు. అదే మనిషి సెలవురోజు ఉదయం బండి వెనుక తలుపు తెరిచి, ఖాళీ ఉన్నంత మేరా సామాను కుక్కి, తలుపును భుజంతో నెట్టి మూయడం మా కాలనీలో తరచు కనిపించే దృశ్యం.

ముందుగా బరువు సంగతి. మనిషికి 65 కిలోల చొప్పున ఐదుగురికి 325 కిలోలు. రోజుకు మనిషికి 4 లీటర్ల వంతున రెండు రోజులకు 40 లీటర్ల నీరు, అనగా 40 కిలోలు. గుడారం, పరుపులు, దుప్పట్లు 45. వంటసామగ్రి, సరుకులు, పొయ్యి కలిపి 40. జాకీ, పార, లాగుడు తాడు, పనిముట్లు 35. బట్టల సంచులు 30. మొత్తం 515 కిలోలు. బండికి అనుమతించిన భారం 500 కిలోలైతే ఇంటి గేటు దాటకముందే హద్దు దాటినట్లు లెక్క. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన మొత్తం బరువు నుండి ఖాళీ బండి బరువును తీసివేస్తే ఈ హద్దు తెలుస్తుంది. స్నానాల గదిలో ఉండే తూకపు యంత్రం మీద ఒక్కొక్క సంచీనీ నిలబెట్టి అంకె రాసుకోవడానికి అరగంట చాలు. ఆ అరగంటలో ఇంటి ఇల్లాలు తీసివేయించే వస్తువుల జాబితా, మనం తయారుచేసే జాబితా కంటె ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది.

ఇక ఆ బరువును ఎక్కడ ఉంచాలన్నది. మన పల్లెలలో ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తిన రైతుకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. బరువు ముందుకు మొగ్గితే ఎద్దుల మెడలు కందుతాయి. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేస్తుంది. అందుకే ఇరుసుకు అటూ ఇటూ చూసుకొని బస్తాలు వేస్తాడు. జీపులోనూ జరిగేది అదే. రెండు ఇరుసుల నడుమ దూరం 2.6 మీటర్లు అనుకొందాము. వెనుక ఇరుసుకు 80 సెంటీమీటర్లు అవతల, తలుపును ఆనుకొని 60 కిలోల పెట్టె ఉంచితే, వెనుక ఇరుసు మీద అదనంగా పడేది 60 కాదు, సుమారు 78 కిలోలు. మిగిలిన 18 కిలోలు ముందు చక్రాల మీది నుండి తగ్గుతాయి. ఎగువ ఎక్కేటప్పుడు స్టీరింగు తేలికగా, ఎటూ పట్టు దొరకనట్లు అనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. కావున నీటి డబ్బాలు, పనిముట్ల పెట్టె, సరుకుల పెట్టె వంటి బరువైనవన్నీ వెనుక సీటును ఆనుకొని, నేలమీద, ఎడమ కుడులకు సమంగా ఉండవలెను. పరుపులు, బట్టలు వాటికి వెనుక. నీటిని ఒకే పెద్ద డబ్బాలో కాక 10 లీటర్ల చిన్న డబ్బాలలో అంచుదాకా నింపితే లోపల నీరు ఊగిసలాడదు, ఎత్తి దించడమూ తేలిక.

టాపు మీద కారియర్ బిగించి దానిమీద ఇల్లంతా కట్టడం నేటి వాడుక. చూడడానికి ఠీవిగానే ఉంటుంది. కాని సామానుతో సహా 1800 కిలోల బండి గరిమనాభి నేలనుండి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొని, రెండు మీటర్ల ఎత్తున 100 కిలోలు చేర్చి చూడండి. గరిమనాభి దాదాపు 7 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. మలుపులో బోల్తాపడకుండా నిలదొక్కుకొనే సామర్థ్యం సుమారు 8 శాతం తగ్గుతుంది. ఆహ్వా నుండి సాపుతారా వైపు సాగే ఘాటురోడ్డులో మలుపు వెనుక మలుపుగా తిరిగే బండికి ఈ 8 శాతం చిన్న విషయం కాదు. అదే 100 కిలోలు నేలమీద ఉంటే ఈ నష్టం ఉండదు. టాపు మీదికి గుడారం గుడ్డ, చాపలు, ఖాళీ బుట్టలు మాత్రమే పోవాలని మా నిశ్చితాభిప్రాయం.

అన్నిటికంటె ప్రాణాలకు సంబంధించినది కట్టడం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనికో గుద్దుకొని, ముందుభాగం నలిగి, 60 సెంటీమీటర్లలో ఆగిందనుకొంటే, లోపలి ప్రతి వస్తువునూ ఆపడానికి దాని బరువుకు 16 రెట్ల బలం కావాలి. 13 కిలోల చిన్న గ్యాసు సిలిండరు 200 కిలోలకు పైబడిన బలంతో ముందుకు దూకుతుంది. దాని ముందు ఉండేది వెనుక సీటు, ఆ సీటులో కూర్చునేది మన పిల్లలు. 2022 సెప్టెంబరు 4న సూరత్‌కు దక్షిణంగా ఇదే ముంబై రహదారి మీద, పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, ఆయన ప్రక్కనే వెనుక సీటులో ఉన్న మరొకరు మరణించారు. వారిరువురూ బెల్టు ధరించలేదని, ముందు సీట్లలోని ఇద్దరూ బయటపడ్డారని అప్పుడు అందరమూ చదివాము. జడత్వానికి మనిషీ, మూటా అన్న భేదం లేదు. వెనుక సీటువారికి బెల్టు ఎంత అవసరమో, వారి వెనుకనున్న పెట్టెకూ అంతే అవసరం.

ఆ పెట్టె బెల్టుకు మన ఊరిలో కరువు లేదు. కొబ్బరితాడు, నూలుతాడు తడిసినప్పుడు బిగిసి, ఆరిన తరువాత వదులవుతాయి. నైలాను సాగుతుంది. పాలియెస్టర్ నవారు నీటిని దాదాపు పీల్చదు, సాగడమూ తక్కువ. ఈ సంగతి లింబాయత్, ఉధ్నాలలో మరమగ్గాల మీద జీవిస్తున్న మన తెలుగు కుటుంబాలకు మనకంటె బాగా తెలుసు. రాచెట్ బిగింపు గల రెండంగుళాల పట్టీలు నాలుగు, నేలకు బోల్టులతో బిగించిన ఇనుప కడియాలు నాలుగు ఉంటే చాలు. సాగే రబ్బరు తాళ్లు టోపీలను ఆపగలవు గాని పెట్టెలను ఆపలేవు. వెనుక సీటు వీపువరకే సామాను పేర్చాలి. అంతకు మించితే మధ్య ఇనుప జాలీ అమర్చవలెను. సామాను కుదురుకొన్న కొద్దీ పట్టీలు వదులవుతాయి కనుక, బార్డోలీలో టీ కోసం ఆగినప్పుడు ఒకసారి, కొండ ఎక్కబోయేముందు మరొకసారి బిగించడం మంచిది.

సిలిండరు నిలువుగానే ఉండాలి. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, పట్టీతో కట్టి ఉంచాలి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే పైకి పోదు, బండి నేలమీద పరుచుకొంటుంది. అద్దాలన్నీ మూసి ఏసీ వేసుకొని పోయేవారు దీనిని గుర్తుంచుకొనవలెను. పెట్రోలు విషయానికి వస్తే, 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది. లోహపు డబ్బా 25 లీటర్లకు మించరాదు, మూత బిగుతుగా ఉండాలి. చట్టం అనుమతించినా, సూరత్ నుండి డాంగ్‌కు పోయివచ్చే దూరానికి నిండు టాంకు సరిపోతుంది. ఇంటిల్లిపాదితో ప్రయాణించే బండిలోకి పెట్రోలు డబ్బా ఎందుకో మాకు బోధపడదు.

ఏది ముందు కావాలో అది చివర ఎక్కించడం రెండవ సూత్రం. గుడారం, టార్చిలైటు, మందుల పెట్టె, త్రాగునీరు తలుపు తీయగానే చేతికి అందాలి. పార, లాగుడు తాడు అన్నిటికంటె పైన ఉండాలి. సువాలీ, డుమస్ తీరాలకు పోయేవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల వ్యత్యాసం మన దేశంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. చదునైన తీరం కావడంతో వెనక్కు తగ్గిన నీరు వేగంగా తిరిగి వస్తుంది. తడి ఇసుకలో చక్రం దిగబడిన తరువాత సామానంతా దించి, అడుగునున్న పారను వెదికి తీసేలోగా సముద్రం మనకోసం ఆగదు. అక్కడ బండిని ఇసుకలోకి దించకపోవడమే ఉత్తమం.

వంట పెట్టె గురించి ఒక్కమాట. ఆవకాయ జాడీ మన తెలుగువారి ప్రయాణంలో తప్పనిసరి కదా! గాజు, పింగాణీ జాడీలు కొండదారికి పనికిరావు. రబ్బరు వాషరు గల స్టీలు డబ్బాలో పోసి, దానిని మరొక గిన్నెలో నిలబెట్టి తీసుకొనిపోవాలి. గుంటల రోడ్డులో ఆ నూనె పరుపులోకి దిగినదంటే దానిని వదిలించే సబ్బు ఇంకా తయారు కాలేదు.

తిరుగు ప్రయాణంలో సర్దుడు మొదటి రోజు వలె ఉండదు. నీరు, సరుకులు తగ్గి బండి తేలికపడుతుంది, కాని గుడారం మంచుకో వానకో తడిసి బరువెక్కుతుంది. తడి గుడ్డను పరుపులతో కలపక వేరే ప్లాస్టిక్ సంచిలో వేసి, ఇల్లు చేరిన నాడే మేడమీద ఆరవేయాలి. సూరత్ వాతావరణంలో రెండు రోజులు మడిచి ఉంచితే బూజు పట్టడం ఖాయం. సిలిండరును ఆ రాత్రే బండినుండి దించాలి. గుడారపు మేకులు కడిగి, లెక్కపెట్టి సంచిలో వేయవలెను. ఒకటి రెండు పూర్ణా ఒడ్డున ఇసుకలో మిగిలిపోయి ఉంటే, రాబోయే సెలవులోగా కొని ఉంచుకోవచ్చును.