మూత కింద నీటిబొట్టు కూడా ఇంగ్లీషు పాఠమే!

హైస్కూలు పిల్లలున్న ఇళ్లల్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. సైన్సు పుస్తకం ముందేసుకుని ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని పదిసార్లు గట్టిగా చదువుతారు. "దానర్థం ఏంటి?" అని అడిగితే తెల్లముఖం వేస్తారు. అర్థంకాని బట్టీ పరీక్ష దాకా నిలవదు. "తెలుగు మీడియంలో చదివినదాన్ని, నాకేం తెలుస్తుంది?" అనుకుంటూ మీరు వంటింట్లోకి వెళ్లిపోతారు. వెళ్లండి, కానీ పిల్లల్ని కూడా పిలుచుకుని వెళ్లండి!

వంటిల్లే లేబొరేటరీ

దండెం మీద తడిబట్టలు ఆరడం ఎవాపరేషన్. అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి బొట్లు కట్టడం కండెన్సేషన్. రాత్రి రుబ్బిన దోసెపిండి తెల్లారేసరికి పొంగడం ఫెర్మెంటేషన్. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరడం వెనుక ఉన్నది ఆస్మాసిస్. పని మీకు తెలుసు, పేరు పుస్తకంలో ఉంది. రెండూ కలిస్తే పాఠం అర్థమైనట్లే.

మన కొండలూ పాఠాలే

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు మరో అదృష్టం కూడా ఉంది. తిరుమల వెళ్లినప్పుడు శిలాతోరణం చూపించండి. గాలి, నీరు రాతిని అరగదీయడమే ఇరోజన్. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. అలాంటిది ఎండెమిక్. రాళ్ల సందుల్లో ఉండే బంగారుబల్లి రాత్రిపూట తిరుగుతుంది కనుక నాక్టర్నల్. ఈ శేషాచలం కొండలనే 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. పలమనేరు, కుప్పం వాళ్లకైతే ఏనుగులు పొలాల మీద పడటం కొత్త కాదు. హాబిటాట్ అనే మాట అక్కడి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

సెలవు రోజున 1993లో తెరిచిన తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికో, 1987లో ఏర్పాటైన ఎస్వీ జూపార్కుకో తీసుకెళ్లండి. బోర్డుల మీది ఇంగ్లీషును వాళ్లచేతే చదివించి, తెలుగులో మీకు చెప్పమనండి.

ఇలా చదివించి చూడండి

* ముందుగా పాఠం పేరు, బొమ్మలు, వాటి కింది మాటలు చదివించండి. పాఠం దేని గురించో అక్కడే సగం తెలిసిపోతుంది.

* ఆంధ్రప్రదేశ్ సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ముందు ఇంగ్లీషు చదివి అర్థం ఊహించాలి, ఆ తర్వాతే తెలుగు పేజీతో సరిచూసుకోవాలి.

* రోజుకు ఐదు కొత్త మాటలు చాలు. ఒక నోటుబుక్కులో మాట, చిన్న బొమ్మ, సొంత వాక్యం రాయించండి.

* మాటల్ని విడదీయడం నేర్పండి. బయో అంటే జీవం, హైడ్రో అంటే నీరు, ఫోటో అంటే వెలుతురు, థర్మో అంటే వేడి. ఈ నాలుగూ తెలిస్తే ఎన్నో పెద్ద మాటలు లొంగుతాయి.

* చివరగా పుస్తకం మూయించి, మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పు" అనండి. అమ్మకు చెప్పడానికైనా మళ్లీ చదువుతారు!

తప్పు పలికితే మాత్రం నలుగురిలో నవ్వకండి. ఒక్కసారి సిగ్గుపడిన పిల్లలు మళ్లీ నోరు విప్పరు.

మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. వినే ఓపిక ఉంటే చాలు. రేపు దోసెలు పోసేటప్పుడే మొదలుపెట్టండి.