ముదురు ముక్కకి మెల్లని మంట

మాంసం కొట్టు ముందు నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "లేతది ఉందా?" కొట్టాయన తొడ ముక్కో, నడుము కండో తీసి చూపిస్తాడు. పక్కన కొక్కేనికి వేలాడే కాలి పిక్క, మెడ, భుజం ఆఖరి దాకా అలాగే ఉండిపోతాయి. ఎంతసేపు ఉడికించినా సాగుతాయని వాటికి చెడ్డపేరు. గంటల తరబడి సన్నసెగ మీద ఉడికే గొడ్డుమాంసం, ఉర్లగడ్డల కూరకి మాత్రం కావలసినవి సరిగ్గా ఆ ముక్కలే. అదే కుండలో లేత ముక్క వేస్తే రసమంతా పోయి పీచుపీచుగా మిగులుతుంది. ముదురు ముక్క కరిగి పులుసుకి చిక్కదనం ఇస్తుంది. పైగా ధర తక్కువ.

ఈ కూరకి కావలసిన సరుకంతా పాకాల చుట్టుపక్కలే దొరుకుతుంది. గూడూరు–కాట్పాడి రైలు దారిలో ధర్మవరం లైను వచ్చి కలిసే జంక్షన్ ఇది. పడమటి వైపు పోతే పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. ఆ చల్లని ఎత్తు నేలల్లో ఉర్లగడ్డ పండుతుంది. అదే పలమనేరు మట్టి పనికి కూడా పేరుపడ్డ ఊరు. దక్షిణంగా కాట్పాడి దాటితే ఆంబూరు, వాణియంబాడి, అంటే కట్టెల మంట మీద దమ్ బిర్యానీ వండే ఊళ్ళు. నడుమ ఉన్నవి రాగిసంగటి తినే పల్లెలు. సంగటి ముద్దకి పల్చటి చారు చాలదు, ముంచితే అంటుకునే బరువైన పులుసు కావాలి. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, వంటింట్లో మాత్రం పాకాల ఇప్పటికీ చిత్తూరు ఊరే.

మాంసం గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవునీ, దూడనీ కోయకూడదు. ఎద్దునైనా ఎనుమునైనా కోయాలంటే అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. అందుకే గొడ్డుమాంసం అన్న పేరుతో ఇక్కడ దొరికేది ఎక్కువగా ఎనుము మాంసమే. రంగు ముదురు, కొవ్వు తక్కువ, వయసు మళ్ళిన పశువుదైతే కండ మరీ గట్టి. దీన్ని తిననివాళ్ళు ముదురు పొట్టేలు మాంసంతో ఇదే కూరని ఇదే పద్ధతిలో వండుకోవచ్చు, టైము కాస్త తగ్గించుకుంటే సరి.

రొట్టెల బట్టీ నుంచి కరెంటు గిన్నె దాకా

కుండ పెట్టేసి తమ పనికి తాము పోయే ఈ వంటకి కరెంటు తీగ తగిలించినవాడు అమెరికాలోని షికాగోకి చెందిన ఇర్వింగ్ నాక్సన్. లిథువేనియా యూదుల ఇళ్ళలో చోలెంట్ అనే కూర ఎలా వండేవాళ్ళో ఆయన తల్లి చెబుతుండేది. యూదులకి శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా విశ్రాంతి దినం, పొయ్యి రాజేయకూడదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నమే మాంసం, ఉర్లగడ్డలు, చిక్కుడు గింజలు, బార్లీ కుండకెత్తి ఊళ్ళోని రొట్టెల బట్టీకి పంపేవాళ్ళు. రొట్టెలు కాల్చగా మిగిలిన వేడికి ఆ కుండ రాత్రంతా ఉడికేది. మరునాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుని తినేవాళ్ళు.

ఆ బట్టీ పనిని ఒక చిన్న గిన్నె చేత చేయించాడు నాక్సన్. ఆయన పరికరానికి 1940 జనవరిలో పేటెంట్ వచ్చింది. గింజలు ఉడికించే గిన్నెగా దాన్ని 'నాక్సన్ బీనరీ' అని అమ్మాడు. 1970లో రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుని, మరుసటి ఏడాది దాన్నే 'క్రాక్-పాట్' పేరుతో బజారులోకి తెచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళడం పెరుగుతున్న కాలమది. పొద్దున గిన్నె నింపి మీట నొక్కి వెళితే సాయంత్రానికి కూర తయారు. అమెరికా ఇళ్ళలో అందులో తరచుగా ఉడికినవాటిలో ఈ గొడ్డుమాంసం, ఉర్లగడ్డల జోడీ ఒకటి.

మనవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. దాలిలో పిడకల సెగకి పాలు ఎర్రగా కాగినా, రాత్రంతా కాళ్ళ పులుసు కాగినా సూత్రం ఇదే. హైదరాబాదులో ఇటుక బట్టీల మీద పన్నెండు గంటల దాకా కూడా ఉడికే హలీం 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. క్రాక్-పాట్ లోపలి గిన్నె దళసరి పింగాణీ మట్టిది. మన పులుసుల రాచిప్ప లాగే ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది.

సముద్రం దాటిన ఉర్లగడ్డ

మాంసంలో ఉర్లగడ్డ వేసే అలవాటు బాగా పాతుకుపోయిన ఇంకో చోటుకి చిత్తూరుతో చుట్టరికం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు కూలి ఒప్పందాల మీద డర్బన్ ఉన్న నాటాల్‌కి వెళ్ళారు. చాలామంది చెరకు తోటల్లో పనిచేశారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళలో ఉత్తర ఆర్కాటు జనం బాగా ఎక్కువ. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఆ వలస కుటుంబాల వారసుల ఇళ్ళలో మాంసం కూర అంటే ఉర్లగడ్డ పడాల్సిందే. వాటిని వాళ్ళు 'గ్రేవీ సోకర్లు' అంటారు, పులుసు పీల్చే ముక్కలన్నమాట. రొట్టె లోపలి మెత్తని భాగం తీసేసి అందులో కూర నింపే డర్బన్ 'బన్నీ చౌ'లో కూడా ఈ ముక్కలు కనిపిస్తాయి. మాంసం తక్కువగా ఉన్న రోజున నలుగురి కూరని ఆరుగురికి సరిపెట్టేవి కూడా ఇవే.

కుండలో జరిగేదేమిటి

కాలి పిక్క, మెడ, భుజం జంతువు రోజంతా పని చేయించే కండలు. వాటి పోగుల్ని కట్టి ఉంచే తెల్లని పొరల్లో ఉండేది కొల్లాజెన్. మాంసాన్ని సాగదీసేది అదే. వేడి 60 డిగ్రీలు దాటే వేళకి కండ పోగులు ముడుచుకుని నీళ్ళు వదిలేస్తాయి, ముక్క గట్టిపడుతుంది. కొల్లాజెన్ కరగడం కూడా ఇంచుమించు అక్కడే మొదలవుతుంది గానీ చాలా నెమ్మది. 70, 80 డిగ్రీలు దాటాక వేగం పుంజుకుని, గంటలు గడిచే కొద్దీ జెలటిన్‌గా మారుతుంది. పులుసుని చిక్కబరిచేదీ, పెదాలకి జిగురుగా తగిలేదీ ఈ జెలటినే. అందుకే గంటా గంటన్నరకి మూత తీసి చూసినవాళ్ళకి ముక్క ముందుకంటే గట్టిగా తగులుతుంది. "ఇది ఉడికే సరుకు కాదు" అని దించేస్తారు. ఇంకో రెండు మూడు గంటలు ఓపిక పడితే అదే ముక్క వేళ్ళతో విడిపోయేది.

ఉర్లగడ్డ తీరు వేరు. దానిలోని పిండి 60–70 డిగ్రీల మధ్య ఉబ్బుతుంది. గడ్డ మెత్తబడాలంటే మాత్రం కణాల్ని అంటించి ఉంచే పెక్టిన్ వదులవాలి, దానికి 85 డిగ్రీలు దాటాలి. క్రాక్-పాట్ లాంటి స్లో కుక్కర్ ఆ వేడికి చేరడానికే కొన్ని గంటలు పడుతుంది. మాంసం వెన్నలా అయ్యాక కూడా ఉర్లగడ్డ కరకరలాడటానికి కారణం ఇదే. పులుపు దీనికి ఇంకో అడ్డు. చింతపండు, టమోటా లాంటివి పెక్టిన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే గడ్డలు వేడి తగిలే అడుగునా అంచులకీ ఉండాలి, పులుపు ఆఖర్న పడాలి.

వండే వరస

ఆరుగురికి కిలో మాంసం, అరకిలో ఉర్లగడ్డలు సరిపోతాయి. మాంసం రెండంగుళాల ముక్కలుగా ఉండాలి. చిన్నగా కొడితే ఇన్ని గంటల ఉడుకుకి చిదికిపోతాయి. నల్లి బొక్క ఒకటి రెండు పడితే పులుసుకి ఇంకా బలం. పలుచని తోలున్న చిన్న గడ్డలైతే తోలుతోనే సగానికి కోసి వేయొచ్చు, ఆకారం చెడవు. పెద్దవైతే తోలు తీసి నాలుగు ముక్కలు చేయాలి.

ముందు బాండలిలో నూనె కాగాక మాంసాన్ని కొంచెం కొంచెంగా వేసి అన్ని వైపులా ఎర్రగా వేయించాలి. ఈ పని దాటవేస్తే కూర ఉడుకుతుంది గానీ రుచి చప్పబడుతుంది. వేపుడు రంగూ వాసనా రావాలంటే 140 డిగ్రీల పైబడ్డ వేడి కావాలి. నీళ్ళున్న గిన్నె మాత్రం 100 దాటదు. మాంసం తీసి అదే బాండలిలో మూడు ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేయించి, అల్లం తెల్లగడ్డ ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, మిరియాలు, చెక్క, లవంగం వేయాలి. అడుగున అంటుకున్న మాడును ఒక గ్లాసు నీళ్ళు పోసి గీకి కలుపుకోవాలి. కూర రుచిలో సగం దానిలోనే ఉంది.

స్లో కుక్కర్ గిన్నె అడుగున ఉర్లగడ్డలు పరిచి, పైన మాంసం పెట్టి, మసాలా నీళ్ళు పోసి, ఉప్పు వేసి మూత పెట్టాలి. ఇంకా నీళ్ళు అక్కర్లేదు. ఆవిరి మూతకి తగిలి మళ్ళీ గిన్నెలోకే జారుతుంది, మాంసం కూడా నీరు వదులుతుంది. సన్నసెగ మీద ఎనిమిది గంటలు, పెద్దసెగ మీద నాలుగైదు గంటలు పడుతుంది. రెండు సెగలూ చివరికి చేరేది మరుగుకి కాస్త దిగువనున్న వేడికే, చేరే వేగంలోనే తేడా. మధ్యమధ్య మూత తీస్తే మాత్రం తీసిన ప్రతిసారీ ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు కలుపుకోవాలి. ఆఖరి అరగంటలో కొంచెం చింతపండు పులుసు, గసాలు కొబ్బరి నూరిన ముద్ద కలిపితే సంగటికి దీటైన చిక్కదనం వస్తుంది.

స్లో కుక్కర్ లేకపోయినా లోటు లేదు. దళసరి మట్టికుండకో రాచిప్పకో మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అద్ది, చిన్న బర్నర్ మీద పాత పెనం పెట్టి దానిపై కుండ ఉంచితే సెగ నేరుగా తగలదు. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. తొందరగా ఉంటే ప్రెషర్ కుక్కర్ ఉంది. దానిలోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి గంటలోపే మాంసం మెత్తబడుతుంది. అప్పుడు ఉర్లగడ్డల్ని మాంసంతో కలిపి పెట్టకూడదు. మాంసం ఉడికాక వేసి ఇంకో రెండు విజిల్స్ రానివ్వాలి, లేకపోతే ముద్దయిపోతాయి.

జాగ్రత్తలు

చోలెంట్‌లో లాగా గింజలు కూడా వేయాలనుకునేవాళ్ళు రాజ్మా విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పచ్చి రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. గలగలా మరిగితేనే అది నశిస్తుంది, స్లో కుక్కర్ సన్నసెగ అందుకు చాలదు. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే గిన్నెలో కనీసం పది నిమిషాలు బాగా మరిగించాకే కూరలో వేయాలి.

ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ మాంసాన్ని నేరుగా గిన్నెలో పెట్టకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు పెరుగుతాయి, గడ్డ కట్టిన మాంసం ఆ మెట్టులోనే చాలాసేపు ఉండిపోతుంది. కరెంటు పోయినా చిక్కు అదే. కూర సగంలో ఉండగా పోతే, వస్తుందిలే అని వదిలేయక గ్యాస్ మీదికి మార్చి మరిగించాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర పారేయడమే మంచిది.

ఖర్చు మాత్రం తక్కువే. 200 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు పనిచేస్తే అయ్యేది 1.6 యూనిట్లు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కుక్కర్ అయితే ప్లగ్గు పెట్టే ముందు అడుగున ఉన్న చీటీ చదవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే గిన్నె కాలిపోతుంది.

మిగిలిన కూరని వెడల్పు గిన్నెలో పోసి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లారేసరికి పైన తేలిన కొవ్వు గట్టిపడుతుంది, అక్కర్లేనివాళ్ళు చెంచాతో తీసేయొచ్చు. కిందున్న పులుసు జెలటిన్ వల్ల గడ్డకట్టి ఉంటుంది, పొయ్యి మీద పెడితే మళ్ళీ పులుసవుతుంది. దోసెలోకి రాత్రికంటే ఇదే బాగుంటుందనేవాళ్ళూ ఉన్నారు. ఫ్రీజర్‌లో దాచుకోవాలనుకుంటే మాత్రం ఉర్లగడ్డలు ముందే తీసి తినేయాలి. గడ్డకట్టి కరిగిన ఉర్లగడ్డ ఇసుకలా రవ్వరవ్వగా తగులుతుంది.