మాటలాడు నాణెములు – చదువువారెవరు?

పెద్దలు ఇంట దాచిన వస్తువులలో పాత నాణెము చాల చిన్నది. దానిని గూర్చి అడుగువారు లేకపోయినచో అది మరింత చిన్నదగును. ఈ సంగతి మాకు తరగతి గదిలో తెలిసివచ్చినది.

గత సంవత్సరము 'పదహారణాల తెలుగు' అను పలుకుబడిని వివరించుచు, అణా అనగా నేమని మొదటి సంవత్సరపు విద్యార్థులను అడిగినాము. రూపాయిలో పదునారవ వంతని ఇద్దరు చెప్పగలిగినారు. కాని అణాను కంట చూచినవారు ఒక్కరును లేరు. మరునాడు ఐదవ జార్జి కాలపు అణా నొకదానిని తెచ్చి బల్లపై ఉంచినాము. అంచు పూరేకులవలె వంపులు తిరిగిన తెల్లని నాణెమది. ముందు వరుసలోని విద్యార్థి దానిని త్రిప్పి చూచి, "సార్, దీనిమీద తెలుగున్నది! 'ఒక అణా' అని వ్రాసినారు" అన్నాడు. ప్రక్కనున్న విద్యార్థిని తొంగిచూచి, "ఇటు ఉర్దూలో 'ఏక్ ఆనా' అని ఉన్నది, సార్" అన్నది. ఇంగ్లీషుతోపాటు హిందీ, బెంగాలీ, ఉర్దూ, తెలుగు లిపులు ఆ చిన్న లోహపు బిళ్ళపై ఇరుగుపొరుగుగా నిలిచియున్నవి. ఆ గంట పాఠము ముందుకు సాగలేదు. సాగింపవలెనని మేమును తలపలేదు.

నాణెముల సేకరణ అను అభిరుచి రాబోవు తరములలో నిలుచునా? ఈ ప్రశ్నకు పెద్దలలో అనేకులు నిలువదనియే చెప్పుచున్నారు. వారి మాటకు కారణములు లేకపోలేదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి అణాలను, కాణీలను తొలగించినది. 2011 జూన్ 30తో పావలాయు, అంతకు తక్కువ విలువగల నాణెములును చెల్లుబాటు కోల్పోయినవి. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట టీ దుకాణమునందు సైతము విద్యార్థి జేబు తడుముకొనుట మాని ఫోను తీయుచున్నాడు. నాణెమే చేతికి రానివానికి దానిపై మక్కువ ఎట్లు కలుగునని పెద్దల ప్రశ్న.

ఈ వాదము పూర్తిగా సరియైనదని మాకు తోచుట లేదు. గాంగరాజుల బంగారు రూకలు ఎన్నో వందల సంవత్సరములుగా ఎవరి చేతిలోను చెలామణి కాలేదు. అయినను వానిని వెదకి దాచినవారున్నారు. కనుక చెలామణి పోయినంతమాత్రమున అభిరుచి పోదు. నాణెముపై నున్నదానిని చదివి చెప్పువారు లేనప్పుడే అది పోవును.

మా ఇంటి అనుభవమే దీనికి సాక్ష్యము. మా తాతగారు ఒక రేకుపెట్టెలో రాగి కాణీలు, చిల్లు కాణీలు, కొన్ని అణాలు దాచియుంచిరి. వారు గతించిన కొన్నేండ్లకు, స్టీలు గిన్నెలు ఇచ్చి పాత లోహమును తూకానికి కొనువాడు మా వీధికి వచ్చినాడు. మా నానీమా ఆ రాగినంతయు త్రాసులో పోసి రెండు గిన్నెలు పుచ్చుకొన్నది. అణాలు రాగి కావని అతడు త్రోసివేయుటవలన అవి మిగిలినవి. తరగతిలో చూపినది అందులోనిదే. ఆమె తప్పేమియు లేదు. ఆ పెట్టెలో ఏమున్నదో తాతగారు ఆమెకు చెప్పలేదు, మేమును ఏనాడు అడుగలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహము పొదుపు చేయుటకై 1943 నుండి నడుమ రంధ్రముతో కాణీలు ముద్రించిరని మేము తెలిసికొనునాటికి ఆ చిల్లు కాణీలు ఏ కొలిమిలోనో కరగిపోయినవి.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములు నాణెముల విషయమున పేదవి కావు. వంశధార ఒడ్డున నున్న ముఖలింగమే కళింగనగరమని పండితుల నిర్ణయము. అచ్చటినుండి ఏలిన తూర్పు గాంగుల బంగారు రూకలు అర గ్రాము బరువైనను తూగవు. వానిపై ఒక ప్రక్క పరుండిన నంది, రెండవ ప్రక్క 'స' అను అక్షరము, దాని వెంట రాజ్య సంవత్సరపు అంకెయు కనబడును. కందిగింజయంత బంగారముపై మతము, లిపి, కాలగణనము మూడును ఇమిడియున్నవి.

తరువాత ఈ సీమ గోల్కొండ ఏలుబడిలోనికి వచ్చినది. శ్రీకాకుళపు జామియా మసీదును 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినాడు. ఆనాటి గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా. ఆయన రాగి నాణెములపై "ఖతమ్ బిల్ ఖైర్ వస్సఆదత్" అని ఉండును. 'శుభముతోను సౌభాగ్యముతోను ముగిసినది' అని దాని భావము. దానితో హిజ్రీ 1068 అను సంవత్సరము కనబడును. హిజ్రీ సంవత్సరమును 33చే భాగించి, వచ్చిన ఫలమును ఆ సంవత్సరమునుండి తీసివేసి, 622 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము తేలును. 1068లో 32 పోగా 1036. దానికి 622 కలుపగా 1658. ఈ లెక్క తెలిసిన విద్యార్థి ఏ నవాబు నాణెము కాలమునైనను తానే చెప్పుకొనగలడు.

ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కొరకు ప్రత్యేకముగా రాగి నాణెములు చేయించినది. ఆ సర్కారులలో మన చికాకోలు సర్కారు ఒకటి. నలుబదియెనిమిది నాణెములు ఒక రూపాయికి సమానమని వానిపైననే వ్రాసియుండును. అవి ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో సోహో టంకశాలయందు ఆవిరి యంత్రములపై ముద్రితములై, ఓడలలో మన తీరమునకు చేరినవి. వానిలో కొన్నిటిపై 1794 అను సంవత్సరమున్నది. ఆ ఏడు జూలై 10వ తేదీననే పద్మనాభము వద్ద కంపెనీ సేనతో పోరి విజయనగర ప్రభువు విజయరామరాజు నేలకొరిగినాడు. ఆ రక్తపు సంవత్సరమును మోసికొని తిరుగుచున్న రాగిబిళ్ళ ఏ పల్లెలోనో ఏ అవ్వ పోపులపెట్టెలోనో నేడును ఉండవచ్చును.

భాషకును ఇదే వర్తించును. 'డబ్బు' అనునది మొదట ఒక రాగి నాణెము పేరు. నేడది ధనమంతటికిని పేరైనది. ఉర్దూలోని 'దమ్‌డీ'యే మన 'దమ్మిడీ'. తెలుగువాడు 'పదహారణాల నిజము' అనునప్పుడు ఉర్దూవాడు 'సోలా ఆనే సచ్' అనును. 1807 ప్రాంతమున మద్రాసులో ముద్రించిన అర వరహా, పావు వరహాలపై ఇంగ్లీషు, పారశీ, తమిళము, తెలుగు నాలుగును ఉన్నవి. 1950 నుండి మన నాణెములపై హిందీ, ఇంగ్లీషు మాత్రమే నిలిచినవి. తెలుగు, ఉర్దూ రెండును నేడు కాగితపు నోట్ల భాషల పట్టికలో కలసి కనబడుచున్నవి. ఈ రెండు లిపులను ఒకే కప్పు క్రింద నేర్పు మన కళాశాల విద్యార్థులకంటె ఈ ప్రాంతపు నాణెములను చదువుటకు అర్హులెవరు?

సామాన్యుల సేకరణ చరిత్రకు ఉపకరించునా అను సందేహమునకు తెలుగునాటనే సమాధానము కలదు. గోదావరి తీరమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో స్థానికులకు దొరికిన నాణెములను 1970వ దశకమున పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి ప్రకటించినారు. శాతవాహన వంశ స్థాపకుడగు చిముకుని నాణెములు అచ్చట లభించినవి. శాతవాహనులకు పూర్వపు గోబద, నారన, సమగోప అను పాలకుల పేర్లును వెలువడినవి. ఆ నాణెములను తూకానికి అమ్మివేసియుండినచో ఆ పేర్లు మనకు దక్కియుండెడివి కావు.

నేటి యువకులలో ఈ అభిరుచి లేదనుట కూడ పొరపాటే. అది ఉన్నది, కాని ప్రక్కదారి పట్టుచున్నది. పాత నాణెమునకు లక్షలిత్తుమను ప్రకటనలను చూచి వెదకువారు ఎక్కువైనారు. తమ పేరుతో ఇట్టి మోసములు జరుగుచున్నవని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. ధరకొరకు వచ్చినవాడు ధర రాకున్న వెళ్ళిపోవును. చదువుటకు వచ్చినవాడు నిలుచును.

మొదలిడుటకు ధనమక్కరలేదు. చిల్లరలోని రూపాయిని తిరగవేసి సంవత్సరము క్రింద చూడుడు. చుక్కవలె నక్షత్రమున్నచో హైదరాబాదు, వజ్రపు గుర్తున్నచో ముంబయి, గుండ్రని బిందువున్నచో నోయిడా, ఏ గుర్తును లేనిచో కలకత్తా టంకశాలది. పాతదానిని చింతపండుతో తోమరాదు. మెరుపుతోపాటు అక్షరమును అరిగిపోవును. ఎక్కడ దొరికినదో, ఎవరిచ్చిరో ఒక కాగితముపై వ్రాసి దానితోనే ఉంచవలెను. భూమిలో నిక్షేపము దొరికినచో 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరుకు తెలియజేయవలెను.

కళాశాల సంఘము పెద్దలకు మా మనవి ఒక్కటే. గ్రంథాలయములో ఒక అద్దాల పెట్టెయు, ఒక రిజిస్టరును ఏర్పాటు చేయింపగోరుచున్నాము. ప్రతి విద్యార్థియు సెలవులలో తన ఇంటి పెద్దలను అడిగి, ఒక నాణెము కథను ఆ రిజిస్టరులో వ్రాయవలెను. నాణెమును ఇచ్చివేయనక్కరలేదు, దాని కాగితపు అచ్చును, దానిని గూర్చి పెద్దలు చెప్పిన మాటను తెచ్చిన చాలును. అణాలతో బజారు చేసినవారు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. వారిని అడుగుటకు మనకు మిగిలిన కాలము కొలది.

మా అణాను ఆ పెట్టెలో మొదట ఉంచుటకు మేము సిద్ధముగా నున్నాము. రిజిస్టరులో మొదటి పంక్తి కూడ మేమే వ్రాయుదుము: 'మిగిలినవి రెండు గిన్నెలకు పోయినవి.'