హార్మోను మాత్రలు వాడు స్త్రీకి మరల రక్తము కనిపించినచో

బస్తరు దక్షిణ భాగమున, కోంటా, భోపాలపట్నము వంటి చోట్ల తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. ఇచ్చటి స్త్రీలు వైద్యమునకై ఒకప్పుడు జగదల్‌పూరునకు, మరియొకప్పుడు భద్రాచలము వైపునకు పోవుచుందురు. ఒకచోట వ్రాసి యిచ్చిన మాత్రల సంగతి మరియొకచోటి వైద్యునకు తెలియదు. ముట్లుడిగిన పిదప హార్మోను మాత్రలు వాడు స్త్రీల విషయమున ఇది చిక్కు తెచ్చును.

వరుసగా 12 నెలలు ముట్టు రాకున్నచో ముట్లుడిగినట్లు లెక్క. ఆ దశలో ఒంట ఆవిరులు క్రమ్ముట, నిద్ర పట్టకుండుట మిక్కిలి బాధించినచో వైద్యులు కొందరికి ఈస్ట్రోజెన్ అను హార్మోను నిత్తురు. ఇది గర్భసంచి లోపొరను పెంచును. అడ్డు లేక పెరిగిన పొర కొందరిలో కాన్సరుగా మారవచ్చునని 1975లో అమెరికాలో వెలువడిన పరిశోధనలు చూపినవి. అందుచే గర్భసంచి యున్న స్త్రీకి ప్రొజెస్టోజెన్ అను రెండవ మందును చేర్చవలెను. గర్భసంచి తీసివేయబడిన వారికి సాధారణముగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును. పొరుగింటి ఆమె మాత్రలను అడిగి తెచ్చుకొనరాదనుటకు కారణమిదియే.

రెండవ మందును నెలలో కొన్ని దినములే వాడు పద్ధతిలో, అది ముగియు వేళ ముట్టువలె రక్తము కనిపించుట సహజము. రెండు మందులును ప్రతిదినము వాడు వారికి మొదటి ఆరు నెలలలో అప్పుడప్పుడు చుక్కలు కనిపించవచ్చును. ఆరు నెలలు దాటినను ఆగకున్నను, ఆగిన కొంతకాలమునకు మరల వచ్చినను, ఎప్పుడైనను అధికముగా పోయినను పరీక్ష చేయించుకొనవలెను. "మాత్రలు వేడిచేసినవి" అని మజ్జిగ త్రాగి ఊరకుండుట మనవారికి అలవాటు. ఇది ప్రమాదకరము.

మాత్రలు మరచుట వలనను, క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు కొన్ని మందుల వలనను హార్మోను బలము తగ్గి రక్తము కనిపించవచ్చును. లోపల పెరిగిన చిన్న కండ కావచ్చును. గర్భసంచి ముఖద్వారపు వ్యాధియు కావచ్చును. ముట్లుడిగిన పిదప రక్తము కనిపించిన స్త్రీలలో నూటికి సుమారు 9 మందికి గర్భసంచి కాన్సరు బయటపడుచున్నది. హార్మోను వాడు వారిలో ఈ సంఖ్య ఇంకను తక్కువ. కాని ఆ కొద్దిమందిలో తాను లేనని ఇంట కూర్చుండి ఎవరును చెప్పజాలరు. తొలి దశలో తెలిసినచో పెక్కుమందికి శస్త్రచికిత్సతో నయమగును.

వైద్యురాలు ముఖద్వారమును చూచి, అల్ట్రాసౌండుతో లోపొర మందమును కొలుచును. అవసరమైనచో చిన్న తునకను తీసి పరీక్షకు పంపును. ఆ ఫలితము రాకముందే గర్భసంచి తీయించుకొనుటకు తొందరపడవలదు.

పోవునప్పుడు మాత్రల అట్టను, వాడుచున్న ఇతర మందులను, రక్తము కనిపించిన తేదీలు గుర్తించిన క్యాలెండరును వెంట తీసికొని పోవలెను. గుడ్డలు త్వరత్వరగా తడిసినను, కన్నులు తిరిగినను జగదల్‌పూరు ప్రయాణమునకై వేచియుండక, ఆ దినముననే దగ్గరి ఆసుపత్రికి చేరవలెను.