మగగా మొదలై ఆడగా మారే చలినీటి రొయ్య

చలినీటి రొయ్యల్లో ముఖ్యమైనది పాండాలస్ బొరియాలిస్. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, నార్వే, తూర్పు కెనడా తీరాల్లో, ఎక్కువగా సున్నా నుంచి 5 డిగ్రీల సెల్సియస్ నీటిలో, బురద నేల మీద బతుకుతుంది. పగలు అడుగున ఉండి రాత్రి మేతకు పైకి లేస్తుంది. వనామీలా దీన్ని చెరువుల్లో పెంచరు. మార్కెట్‌కు వచ్చేదంతా సముద్రంలో వేటాడిందే.

ఈ జాతిలో దాదాపు ప్రతి రొయ్యా మొదట మగదిగా ఎదుగుతుంది. కొంతకాలం మగదిగా గడిపాక దాని బీజకోశంలో వీర్యకణాల తయారీ ఆగి అండాలు పెరగడం మొదలవుతుంది. పొట్టకింది మొదటి జత ఈతకాళ్ల ఆకారమూ మారుతుంది; రొయ్య ఏ దశలో ఉందో పరిశోధకులు దాన్ని చూసే గుర్తిస్తారు. ఆ తర్వాత బతికినంత కాలం అది ఆడదే. అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ అఖాతంలో ఈ మార్పు సుమారు మూడేళ్ల వయసుకు వస్తుంది. ఇంకా చల్లని ఉత్తర జలాల్లో మరికొన్నేళ్లు పడుతుంది.

ఈ రొయ్య చెందిన కుటుంబంలో లింగమార్పును 1929లో కెనడా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడా బర్క్‌లీ వివరించారు. ఎందుకు మారాలన్న ప్రశ్నకు 1969లో మైఖేల్ గిసెలిన్ చక్కని జవాబిచ్చారు. చిన్న ఒంటితోనూ మగజీవి సంతానం పొందగలదు. గుడ్లు మోయాలంటే మాత్రం ఒళ్లు ఎంత పెద్దదైతే అంత లాభం. అందుకే చిన్నప్పుడు మగగా, పెరిగాక ఆడగా ఉండటమే ఈ రొయ్యకు మేలు. పెద్ద రొయ్యలు త్వరగా చనిపోయేచోట మార్పు ముందే జరగాలని 1979లో ఎరిక్ చార్నోవ్ సూత్రీకరించారు. ఆ మరణాలకు వేట కూడా కారణం కావచ్చు.

చిన్నవాటిని వదిలి పెద్దవాటిని పడితే చాలు, నిల్వ భద్రమన్న పాత నమ్మకం ఈ రొయ్య విషయంలో చెల్లదు. పెద్ద రొయ్యలన్నీ తల్లులే. మెయిన్ అఖాతంలో చలికాలపు వేట, గుడ్లు మోస్తూ తీరానికి చేరే ఆడ రొయ్యల మీదే ఎక్కువగా ఆధారపడేది. 2012లో అక్కడి నీరు విపరీతంగా వేడెక్కింది. రొయ్యలను తినే స్క్విడ్‌లు ఆ వేడితో పాటే పెద్దఎత్తున వచ్చిపడ్డాయి. నిల్వ కుప్పకూలడంతో 2014 నుంచి వేట నిషేధించారు. ఆయుష్షు తక్కువైన జాతి కాబట్టి వేట ఆపితే త్వరగా కోలుకుంటుందనుకున్న ఆశ ఫలించలేదు. వేడి నీరు మరో రకంగానూ దెబ్బతీస్తుంది: గుడ్లు పొదిగే కాలాన్ని అడుగునీటి చలే నిర్ణయిస్తుంది. మేత దొరకాలంటే, వసంతంలో వృక్షప్లవకాలు విరివిగా పెరిగే వేళకే పిల్లలు బయటపడాలి. నీరు వేడెక్కితే గుడ్లు ముందే పిగిలి ఆ లెక్క తప్పుతుంది.

రొయ్య వలలో ఇతర చేపలు పడటం మరో సమస్య. నార్వేలో పుట్టిన నార్డ్‌మోర్ జాలీ దీన్ని చాలావరకు తీర్చింది. వలలో ఏటవాలుగా అమర్చిన కడ్డీల సందుల్లోంచి రొయ్యలు లోపలికి జారతాయి. పెద్ద చేపలు పై రంధ్రం గుండా బయటికి పోతాయి. చేపపిల్లలు మాత్రం ఇంకా చిక్కుకుంటూనే ఉన్నాయి. ఇదే సూత్రంతో పనిచేసే టెడ్ పరికరాలు సముద్ర తాబేళ్లను కాపాడతాయి. మన మరపడవల్లో వాటి వాడకం చాలదంటూ అమెరికా 2019లో భారత సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది.

జాలీ తోటి చేపలను కాపాడుతుంది, వేటకు పరిమితి పెట్టే కోటా తల్లి రొయ్యలను కాపాడుతుంది. నీటి చలిని కాపాడే వల మాత్రం లేదు. కాబట్టి సముద్రపు వేడి పెరిగిన ఏటికి కోటా తగ్గించే పద్ధతే చలినీటి రొయ్యకు నిజమైన రక్షణ.