కుజగ్రహముపై ఆరు చక్రముల బండి

ఎఱ్ఱని చుక్కవలె ఆకాశమున కానవచ్చు కుజగ్రహమును మానవుడు అనాదినుండి చూచుచున్నాడు. కాని ఆ నేలపై ఇంతవరకు ఎవ్వరును అడుగిడలేదు. మానవునికి మాఱుగా అచటికి యంత్రశకటములు పోయినవి. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా పంపిన ‘స్పిరిట్’ వానిలో నొకటి. అది 2003 జూన్ 10వ తేదీన భూమిని వీడి, 2004 జనవరి 4వ తేదీన గుసేవ్ అను గొప్ప పల్లమునందు దిగినది. ఆ పల్లమున పూర్వము సరస్సు ఉండెనేమో యని శాస్త్రజ్ఞులు ఊహించిరి. నీటి జాడను వెదకుటయే స్పిరిట్ పని.

ఆ బండికి ఆరు చక్రములు కలవు. వీపుపై పఱచిన పలకలు సూర్యకాంతిని విద్యుచ్ఛక్తిగా మార్చును. స్తంభముపై నున్న కెమెరాలు దానికి కన్నులు. ముందున్న చేయి శిలలను గీకి పరీక్షించును.

ఇట్టి బండిని భూమినుండి నడుపుట సులభము కాదు. రేడియో సంకేతములు కాంతివేగముతో పోవునవే యైనను, కుజుని చేరుటకు దూరమునుబట్టి సుమారు 3 మొదలు 22 నిమిషముల వఱకు పట్టును. ఎదుట గోయి కలదని బండి తెలిపి, ‘ఆగుము’ అను ఆజ్ఞ దానికి చేరులోపల, అది గోతిలో పడియుండును. కావున శాస్త్రజ్ఞులు బండి పంపిన చిత్రములను పరిశీలించి, మఱునాటి పనులన్నిటిని వరుసగా వ్రాసి ఒక్కమాఱే పంపుచుండిరి. దారిలోని రాళ్ళను తానే గుర్తించి తప్పుకొనుటకు తగిన నేర్పును బండికి ముందే కలిగించిరి.

90 కుజదినములు పనిచేసిన చాలునని తలపబడిన స్పిరిట్ ఆరు సంవత్సరములకు పైగా పనిచేసినది. 2006 మార్చిలో దాని ముందువైపు కుడిచక్రము తిరుగుట మానినది. శాస్త్రజ్ఞులు నిరాశచెందక బండిని వెనుకకు నడిపించిరి. చెడిన చక్రము నాగలివలె నేలను చీల్చుచు ఈడ్వబడుచుండెను. 2007లో ఆ చాలునందు తెల్లని మన్ను బయటపడినది. పరీక్షింపగా అందు నూటికి సుమారు 90 వంతులు సిలికా యని తేలినది. భూమిపై ఇట్టి మన్ను వేడినీటి ఊటలయొద్దను, అగ్నిపర్వతముల ఆవిరి వెడలు తావులయందును ఏర్పడును. అట్టి ఊటలలో సూక్ష్మజీవులు సైతము బ్రదుకుచున్నవి. కావున ఒకప్పుడు కుజునిపై ఆ తావున వేడినీరు గాని, నీటియావిరి గాని ఉండెనని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

2009లో స్పిరిట్ మెత్తని ఇసుకలో దిగబడి కదలలేకపోయినది. శీతకాలమున దాని పలకలకు చాలినంత యెండ తగులలేదు. 2010 మార్చి 22వ తేదీన వచ్చినదే దాని కడపటి వార్త.

అది నడచిన దూరము 8 కిలోమీటర్లకు లోపే. అయినను, చెడిన చక్రమును చూచి పని మానుకొనక, మిగిలిన అయిదింటితో నడిపించి, అది గీచిన చాలును సైతము శ్రద్ధతో పరీక్షించినవారికే ఆ తెల్లని మన్ను కానవచ్చినది.